మాటలు ఆగే కిలోమీటరు

కేబుల్ బ్రిడ్జి ఇంకో అర కిలోమీటరు ఉందనగా తమ్ముడి మాటలు ఆగిపోయాయి.

తెల్లవారుజామున నాలుగుంపావుకు నెక్లెస్ రోడ్డు మీద బయల్దేరినప్పటి నుంచీ మా చెవుల నిండా అతని గొంతే. ఆఫీసుకు కొత్తగా వచ్చిన మేనేజరు, తెనాలిలో వాళ్లమ్మ కట్టిస్తున్న మేడ, ఆ మేడ కిటికీలకు టేకు పెట్టాలా వేప పెట్టాలా అన్న తగవు. హుస్సేన్‌సాగర్ చుట్టి, పంజాగుట్ట ఎక్కి, కేబీఆర్ పార్కు చుట్టూ ఒక చుట్టు కొట్టేదాకా అవే కబుర్లు. ఇప్పుడు నాలుగు జతల బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. రైల్వేలో పనిచేసే మా జట్టు పెద్దన్న పక్కకు తిరక్కుండానే పసిగట్టాడు. "తమ్మీ, ఖర్జూరం తిన్నవా?" అన్నాడు. తమ్ముడు తలాడించాడు. అది అవునో కాదో తెలియలేదు.

అది ఆగస్టు మొదటి ఆదివారం. హైదరాబాద్ మారథాన్‌కు ఇంకా మూడు వారాలు. మా శిక్షణ పట్టికలో ఆ రోజు గడిలో ఉన్నది ఒక్కటే అంకె, 32. ఇంత దూరం రేసుకు ముందు ఒకసారి, మహా అయితే రెండుసార్లు పరిగెడతాం. నాకూ, పెద్దన్నకూ, ఫిజిక్స్ టీచరుగా పనిచేసే మా అక్కకూ ఇది అలవాటైన దారే. తమ్ముడికి మాత్రం మొదటిసారి.

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి దాకా పరిగెత్తిన దూరమే 1921లో నిబంధనగా మారింది. శిక్షణలోని 32 వెనకా పెద్ద రహస్యమేమీ లేదు, అది 20 మైళ్లు. మైళ్లలో లెక్కపెట్టుకునే దేశాల కోచ్‌లకు అది గుండ్రటి అంకె, అంతే. కానీ ఆ అంకె పడిన చోటు మాత్రం చాలా సరైనది. మనలాంటి మామూలు పరుగువాళ్లకు ఒంట్లోని ఒక డబ్బా అడుగంటేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. మొదటి ఇరవై రెండు కిలోమీటర్లూ ఆ చోటికి చేరుకోవడానికి పెట్టే దారిఖర్చు అని నేనిప్పుడు నమ్ముతున్నాను. అసలు శిక్షణ డబ్బా అడుగు కనపడ్డాక మొదలవుతుంది.

ఆ డబ్బాలో ఉండేది గ్లైకోజెన్. గ్లూకోజు అణువులు కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న గుత్తి అది. కండల్లో దాదాపు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా ఉంటుంది. గ్రాముకు 4 కిలోక్యాలరీల చొప్పున మొత్తం 2,000. ఇక ఖర్చు సంగతి. చదునైన దారిలో పరిగెత్తే మనిషికి ఒంటి బరువులో ప్రతి కిలోకూ కిలోమీటరుకు ఇంచుమించు 1 కిలోక్యాలరీ కావాలి. వేగం పెంచినా తగ్గించినా ఈ లెక్క పెద్దగా మారదు. తమ్ముడు 70 కిలోలుంటాడు. అతనికి 32 కిలోమీటర్లకు 2,240, మారథాన్‌కు 2,950 అవుతాయి. డబ్బాలో ఉన్నదానితో గమ్యం చేరలేమని బయల్దేరకముందే తెలిసిపోతోంది.

మిగతాది కొవ్వు భరించాలి. కొవ్వుకు కొదవ లేదు. బక్కపలచటి మనిషి ఒంట్లో కూడా రోజుల తరబడి నడవడానికి చాలినంత ఉంటుంది, పైగా గ్రాముకు 9 కిలోక్యాలరీలిస్తుంది. గ్లైకోజెన్ వంటింటి డబ్బాలో బియ్యమైతే, కొవ్వు గాదెలో వడ్లు. వడ్లు ఎన్ని పుట్లున్నా దంచితే గానీ అన్నం కాదు. కొవ్వును నిల్వల్లోంచి కరిగించి, రక్తంలోకి ఎక్కించి, కండకు చేర్చి, ఆక్సిజన్‌తో మండించే పని నెమ్మదిగా సాగుతుంది. తీరిగ్గా మాట్లాడుకుంటూ పరిగెత్తే వేగంలో కొవ్వు, గ్లైకోజెన్ ఇంచుమించు సమంగా పాలు పంచుకుంటాయి. ఆయాసం మొదలయ్యే కొద్దీ భారం గ్లైకోజెన్ మీదికి ఒరుగుతుంది. అందుకే సాగర్ ఒడ్డున దారి చదునుగా ఉందని తమ్ముడు ఊపు మీద ముందుకు పోబోతే పెద్దన్న ఆపాడు. "గిప్పుడు ఉర్కకు తమ్మీ. సాగర్ కాడ ఉరికినోడు గచ్చిబౌలి కాడ నడుస్తడు."

ఇందులో మరో చిక్కుంది. కండలోని గ్లైకోజెన్ విడిపోయినప్పుడు వచ్చే గ్లూకోజుకు ఒక ఫాస్ఫేటు తగులుకుని ఉంటుంది. ఆ తోకతో అది కణం పొర దాటలేదు. తోకను ఊడదీసే ఎంజైము కండలో లేదు, కాలేయంలో ఉంది. కాబట్టి చేతుల కండల్లో ఎంత నిల్వున్నా తొడలకు నేరుగా అప్పివ్వలేవు. అడిగినవాళ్లకు తీసి ఇచ్చే ఇల్లు కాలేయం. ఆ ఇంటి మీద మొదటి హక్కు మెదడుది, దానికి రోజుకు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. రాత్రంతా మనం నిద్రపోతున్నా మెదడు వాడుకుంటూనే ఉంటుంది గనక తెల్లవారుజాముకు కాలేయం చాలావరకు ఖాళీ అవుతుంది. మూడింటికి లేచి రెండు అరటిపళ్లు, నాలుగు బ్రెడ్డు ముక్కలు తిని బయల్దేరడం ఆ అప్పు తీర్చడానికే. కండల డబ్బా మాత్రం రాత్రి నిద్రలో తరగదు. అది ముందు రోజు తిన్న అన్నంతోనే నిండాలి.

ఇవేమీ తెలియని రోజుల్లో, కొన్నేళ్ల కిందట, నేను ఒంటరిగా ఇదే దారిలో పరిగెత్తాను. పరగడుపున బయల్దేరాను. ముందు రాత్రి కూడా సరిగా తినలేదు, ఒళ్లు తేలిగ్గా ఉంటే మంచిదనుకున్నాను. ఇరవై ఆరో కిలోమీటరు దగ్గర చేతులు వణికాయి. రోడ్డు అంచులు మసకబారాయి. ఎటు తిరగాలో తెలిసిన మలుపు దగ్గర నిలబడిపోయాను. ఫుట్‌పాత్ మీద కూలబడితే ఒక చాయ్ బండి ఆయన అడక్కుండానే చక్కెర ఎక్కువేసి గ్లాసు చేతిలో పెట్టాడు. పది నిమిషాల్లో లోకం మళ్లీ తన రంగుల్లో కనిపించింది. ఆయనకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆ గ్లాసు నన్ను ఈ శాస్త్రమంతా చదివేలా చేసింది.

చదివితే తెలిసింది, బోస్టన్‌లో వైద్యులు ఇదే సంగతిని 1924లోనే చూశారని. శామ్యూల్ లెవైన్, ఆయన సహచరులు ఆ ఏడాది బోస్టన్ మారథాన్ ముగించిన కొందరి రక్తం పరీక్షిస్తే, పాలిపోయి, తికమక పడుతూ, నిలబడలేకపోతున్నవాళ్లలో చక్కెర బాగా తగ్గిపోయి ఉంది. మరుసటేడు, 1925లో, పరుగువాళ్లకు ముందు రోజు పిండిపదార్థాలు ఎక్కువ పెట్టి, దారిలో మిఠాయిలిచ్చారు. ఈసారి వాళ్ల రక్తంలో చక్కెర నిలబడింది, మనుషులూ నిలబడ్డారు. నూరేళ్ల నాటి ఈ ప్రయోగం చాయ్ బండి ఆయన చేతిలో నాకు అందింది.

రక్తంలో చక్కెర పడిపోవడం ఒక కథ, కాలి కండ ఖాళీ అవడం మరో కథ. ఈ రెండో దాన్ని కళ్లతో చూసినవాళ్లు స్వీడన్ పరిశోధకులు యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్, ఎరిక్ హుల్ట్‌మన్. 1966లో నేచర్ పత్రికలో అచ్చయిన వాళ్ల ప్రయోగం నాకు తెలిసిన వాటిలో అతి సుందరమైనది. ఇద్దరూ తమ ఒళ్లనే ప్రయోగశాల చేసుకున్నారు. ఒకే వ్యాయామ సైకిలుకు అటొకరు, ఇటొకరు కూర్చుని, ఒక్కో కాలితో మాత్రమే పెడల్ తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. తొక్కే కాలు ఇక కదలనని మొండికేసేదాకా తొక్కి, బోలు సూదితో రెండు తొడల్లోంచీ కండ తునక తీసి చూశారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ దాదాపు సున్నా. కూర్చున్న కాలిలో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే భోజనం, అయినా పని చేసిన కాలే ఖాళీ అయింది.

ఇంతటితో ఆగిపోయినా గొప్ప ప్రయోగమే. వాళ్లు ఆగలేదు. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు దండిగా తిని, రోజూ కండ తునక తీసి చూశారు. విశ్రాంతి తీసుకున్న కాలిలో నిల్వ కొద్దిగానే పెరిగింది. ఖాళీ అయిన కాలు మాత్రం తన పాత మట్టానికి చేరి, అక్కడ ఆగకుండా, పక్క కాలికి రెండింతల దాకా నింపుకుంది. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తోడని చెలమలో నీళ్లు అలాగే నిలబడి ఉంటాయి, తోడిన చెలమ ఊరుతుంది. పైగా ఈ నిల్వ నీటితో సహా వస్తుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ ఇంచుమించు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. రేసు ముందు రెండు రోజులు అన్నం ఎక్కువ తిన్నాక తూకంలో కిలో పైచిలుకు పెరిగిందని కంగారుపడే మిత్రులకు నేను చెప్పేది ఇదే, అది దారి బత్తెం.

ఖాళీ అవడం వల్ల జరిగేది ఇంకా ఉంది. కండ కణంలో శక్తి నిల్వలను కనిపెట్టుకుని ఉండే ఒక ఎంజైము ఉంది, దాన్ని ఏఎంపీకే అంటారు. నిల్వ తగ్గే కొద్దీ అది మేల్కొని జన్యువుల దాకా కబురు పంపుతుంది, పొయ్యిలు చాలడం లేదు, ఇంకొన్ని కట్టండి అని. కణంలోని ఆ పొయ్యిలే మైటోకాండ్రియా. కొవ్వు మండేది వాటిలోనే. అమెరికాలో జాన్ హోలోసీ 1967లో ఈ పొయ్యిలు పెరగడాన్ని ఎలుకల్లో చూపించాడు. పన్నెండు వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద రోజుకు రెండు గంటల దాకా పరిగెత్తిన ఎలుకల కండల్లో మైటోకాండ్రియా ఎంజైములు ఇంచుమించు రెట్టింపయ్యాయి. పొయ్యిలు పెరిగితే అదే వేగానికి కొవ్వు ఎక్కువ మండుతుంది, బియ్యం డబ్బా ఇంకో నాలుగు కిలోమీటర్లు వస్తుంది. నెలల తరబడి మనం చేసే సాధన సారాంశం చాలావరకు ఇదే.

అలసిన కాలిలో పని పంపిణీ కూడా మారుతుంది. కండలో నిదానపు పోగులు, వేగపు పోగులు అని స్థూలంగా రెండు రకాలు. మెల్లటి పరుగులో నిదానపు పోగులే మోస్తాయి, వేగపువి పిలుపు కోసం కాచుకుని ఉంటాయి. మొదటివి ఖాళీ అయ్యే కొద్దీ అదే వేగాన్ని నిలబెట్టడానికి మెదడు రెండో రకాన్ని పిలుస్తుంది. పొద్దున ఆరు కిలోమీటర్లు పరిగెత్తి ఇంటికొచ్చేవాళ్ల కాళ్లలో ఆ పోగులు దాదాపు నిద్ర లేవవు. ఇరవై అయిదు దాటాక వాటికీ ఓర్పు నేర్పే బడి తెరుచుకుంటుంది. తమ్ముడు మాట్లాడటం మానేసినప్పుడు అతని తొడల్లో జరుగుతున్నది అదే. వేగం పెరగకపోయినా కష్టం పెరగడానికి సగం కారణం అది.

మిగతా సగం ఉక్క.

ఆగస్టు తెల్లవారుజామున హైదరాబాద్‌లో 22, 23 డిగ్రీలే ఉంటుంది. చల్లగానే ఉందిగా అనిపిస్తుంది. కానీ గాలి తడి గుడ్డలా ఉంటుంది. కండ ఇంజను ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా కదలికగా మారదు, మిగిలినదంతా వేడే. గంటకు 9 కిలోమీటర్లు పరిగెత్తే 70 కిలోల మనిషిలో గంటకు 500 కిలోక్యాలరీల వేడి పుడుతుంది. పాతకాలపు 100 వాట్ల బల్బులు ఆరు ఒంట్లో వెలుగుతున్నట్టు. అది బయటికి పోయే దారి లేకపోతే గంటలో ఒంటి ఉష్ణోగ్రత 8 డిగ్రీలు పెరుగుతుంది, అంటే మనిషి బతకడు. కాపాడేది చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోక్యాలరీలు మోసుకుపోతుంది. పూర్తిగా ఆవిరైతే అన్న మాట దగ్గరే తిరకాసు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, చుక్కలై కారుతుంది. బనీను తడిపి, బూట్లలోకి దిగి, రోడ్డు మీద పడే చెమట మనల్ని చల్లబరచదు. నీళ్లూ ఉప్పూ మాత్రం పట్టుకుపోతుంది.

అప్పుడు గుండె సర్దుకోవలసి వస్తుంది. వేడిని చర్మానికి చేర్చడానికి రక్తం పైకి మళ్లాలి. కాళ్లకూ రక్తం కావాలి. చెమటతో రక్తంలోని నీరు తగ్గుతోంది. ఒక్కో దెబ్బకు గుండె నెట్టే రక్తం తగ్గడంతో దెబ్బల సంఖ్య పెరుగుతుంది. అదే వేగంలో మొదటి గంటలో నా చేతి గడియారం 138 చూపించింది, మూడో గంటలో 156. దీన్ని చూసి భయపడి ఆగిపోయేవాళ్లుంటారు, గడియారం చెడిపోయిందనుకునేవాళ్లూ ఉంటారు. ఉక్కలో గుండె చేసే సర్దుబాటు అది. పది, పద్నాలుగు రోజులు ఇలాంటి వాతావరణంలో పరిగెడితే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఆగస్టు రేసుకు జూలై ఉక్కలోనే తయారవాలని పెద్దన్న పట్టుబట్టేది ఇందుకే. ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద ఇది రాదు.

అక్క నడుముకు కట్టుకున్న సీసాలో నిమ్మరసం, పంచదార, ఉప్పు కలిపిన నీళ్లుంటాయి. చిన్నప్పుడు విరేచనాలైతే ఇంట్లో తాగించిన నీళ్లే. ఆ సీసా వెనక ఉన్న కథ ప్రతి పరుగువాడూ తెలుసుకోవాలని నాకు గట్టిగా ఉంటుంది. పేగు గోడలో సోడియం, గ్లూకోజు ఒకే వాకిట్లోంచి జంటగా లోపలికి వెళ్తాయని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. ఆ జంట వెనకే నీళ్లు వెళ్తాయి. పదకొండేళ్ల తర్వాత, 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలితే సెలైన్ సీసాలు చాలలేదు. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. మనం పరుగులో తాగేదీ ఆ వాకిలి నుంచే లోపలికి వెళ్తుంది. గ్లూకోజు ఒక్కటే అయితే ఆ వాకిలి గంటకు 60 గ్రాముల వరకే పంపగలదు. పంచదారలో సగం ఫ్రక్టోజు, దానికి వేరే వాకిలి ఉంది. రెండూ కలిస్తే లోపలికి వెళ్లేది పెరుగుతుంది. ఖర్జూరంలోనూ ఈ రెండు చక్కెరలూ ఉంటాయి, మా పెద్దన్న జేబులో అవి ఎప్పుడూ ఉంటాయి.

నీళ్ల గురించి ఒక హెచ్చరిక తప్పదు. దాహం లేకపోయినా ప్రతి స్టాల్ దగ్గరా కడుపునిండా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో గమ్యం దగ్గర రక్తం ఇచ్చిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం ఉండవలసిన దానికంటే తక్కువగా ఉంది, ముగ్గురికి ప్రాణాపాయ స్థాయిలో ఉంది. పరుగు చివర బరువు పెరిగినవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపించింది. కాబట్టి దాహానికి తాగాలి, పరుగుకు ముందూ తర్వాతా తూకం చూసుకోవాలి. కిలో తగ్గితే అది లీటరు చెమట. ఇంటికొచ్చాక బరువు పెరిగి ఉంటే మాత్రం అవసరానికి మించి తాగామని అర్థం.

ఇక తమ్ముడి దగ్గరికి వద్దాం. మాటకూ పరుగుకూ ఉన్న సంబంధం చాలా సరళమైనది. మాట్లాడాలంటే ఊపిరిని మెల్లగా, పట్టిపట్టి వదలాలి. కండల్లో ఆమ్లం పెరిగే వేగానికి చేరితే, దాన్ని తటస్థపరిచే క్రమంలో పుట్టిన బొగ్గుపులుసు వాయువును వదిలించుకోవడానికి ఊపిరి జోరందుకుంటుంది. అప్పుడు వాక్యం మధ్యలో తెగుతుంది. కోచ్‌లు మాట పరీక్ష అనేది దీన్నే. నిండు వాక్యాలు చెప్పగలిగితే వేగం సరైనది, ముక్కలుగా వస్తే తగ్గించాలి. ఒంటరిగా పరిగెత్తేవాడికి ఈ కొలమానం లేదు, వాడు గడియారాన్ని నమ్ముకోవాలి. నలుగురు కలిసి కబుర్లాడుతూ పరిగెత్తితే ఆ కబుర్లే అందరి బియ్యం డబ్బాలనూ కాపాడతాయి. తమ్ముడు తెనాలి మేడ గురించి చెప్పినంతసేపూ మాకు నిశ్చింతే.

మాటలు ఆగిన తర్వాత స్నేహితులు చేసే పని వేరు. అలసట కండల్లోనే ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. బ్రిటన్‌లో సామ్యుయేలే మార్కోరా బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని 90 నిమిషాలు కంప్యూటర్ ముందు బుర్రకు కష్టమైన పనిలో పెట్టి, తర్వాత సైకిలు తొక్కించారు. వాళ్లు మామూలుకన్నా దాదాపు 15 శాతం ముందే ఆగిపోయారు. గుండెలోనూ, రక్తంలోనూ ఆ తేడాకు తగిన కారణం కనపడలేదు. మారింది ఒక్కటే, ఎంత కష్టంగా ఉందన్న అనుభూతి. తమ్ముడు శనివారం రాత్రి పదకొండు దాకా ఆఫీసు కాల్‌లో ఉన్నాడని మాకు తర్వాత తెలిసింది.

ఆ అనుభూతిని తగ్గించే శక్తి పక్కనున్న మనిషికి ఉందా? 1898లోనే నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ సైకిలు పందేల రికార్డులు తిరగేసి, ఒంటరిగా తొక్కేవాళ్లకంటే ఇతరులతో కలిసి తొక్కేవాళ్లు వేగంగా పోతున్నారని గుర్తించాడు. అది వేగం లెక్క. నొప్పి లెక్క ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మా కోహెన్ బృందం తీసింది. పన్నెండు మంది పడవ పందేల కుర్రాళ్లను వ్యాయామ యంత్రాల మీద ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా, ఒకే శ్రమతో తోయించి, తర్వాత బీపీ చూసే పట్టీని చేతికి బిగిస్తూ నొప్పి ఎక్కడ మొదలవుతుందో చూశారు. జట్టుగా, ఒకే లయలో తోసిన రోజు నొప్పిని ఓర్చే శక్తి ఎక్కువగా పెరిగింది. పన్నెండు మందే కదా అని శాస్త్రవేత్తలు జాగ్రత్త పడటం న్యాయమే. కానీ దంపుడు పాటలు పాడుకుంటూ రోకళ్లు వేసిన ఆడవాళ్లకూ, నాటు వేస్తూ వరసగా వంగిన కూలీలకూ ఇది కొత్త సంగతి కాదు. పరుగులో నాలుగు జతల అడుగులు తెలియకుండానే ఒకే తాళంలో పడటం నేను చాలాసార్లు విన్నాను. అవి తాళం తప్పితే ఎవరో ఒకరు ఇబ్బందిలో ఉన్నారని పెద్దన్నకు చెవితోనే తెలుస్తుంది.

ఒంట్లో పుట్టే మందులు కూడా ఉన్నాయి. ఎండార్ఫిన్ల పేరు అందరూ విన్నదే. దానికి తోడు, దీర్ఘమైన పరుగు తర్వాత రక్తంలో మరో పదార్థం పెరుగుతుంది. 1992లో జెరూసలేంలో రఫాయెల్ మెషూలమ్ బృందం మెదడులో కనుగొన్న అణువది. పేరు పెట్టవలసి వచ్చినప్పుడు వాళ్లు సంస్కృతంలోని ఆనందం అన్న మాటను తీసుకున్నారు, ఆనందమైడ్ అన్నారు. మనం రోజూ వాడే మాట మన మెదడులో తిరిగే అణువుకు పేరయిందని తెలిసినప్పటి నుంచీ నాకు ఆ చివరి కిలోమీటర్లంటే ప్రేమ ఎక్కువైంది.

బ్రిడ్జి ఎక్కేముందు అక్క తమ్ముడి పక్కకు జరిగి సీసా అందించింది. "రెండు గుక్కలు చాలు నాన్నా, మింగేముందు కాసేపు నోట్లో ఉంచు" అంది. నోట్లో ఉంచమనడం వెనక కూడా ఒక ప్రయోగం ఉంది. బర్మింగ్‌హామ్‌లో 2004లో సైక్లిస్టుల చేత తీపి తెలియని పిండిపదార్థపు ద్రావణాన్ని పుక్కిలించి ఉమ్మించారు. ఒక్క చుక్క మింగకపోయినా గంట సేపటి పందెంలో వాళ్ల వేగం 3 శాతం దాకా పెరిగింది. ఆహారం వస్తోందన్న కబురు నోటి నుంచి మెదడుకు ముందే చేరుతుంది, మెదడు పట్టు సడలిస్తుంది. అసలు ఇంధనం పేగు దాటి కాలికి చేరడానికి ఇంకా సమయం పడుతుంది. ఈలోగా పెద్దన్న వేగం తగ్గించాడు, కిలోమీటరుకు ముప్పై సెకన్ల మేర. ఎవరం ఏమీ అనలేదు. తమ్ముడిని మధ్యలో పెట్టుకుని, దుర్గం చెరువు మీద ఎండ పడుతుంటే, వంతెన దాటాం.

అవతల ఒడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కుడు దిగుళ్లే. దక్కన్ గుట్టల మీద కట్టిన ఊరు ఇది, ఫ్లైఓవర్లు వాటికి తోడు. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది గానీ, కండను దెబ్బతీసేది దిగుడే. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే బరువు ఆపాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడు పోగుల్లో సూక్ష్మమైన చీలికలు వస్తాయి. రెండో రోజు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేది వాటివల్లే. లాక్టిక్ ఆమ్లం గడ్డకట్టడం వల్ల అని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది తప్పు. లాక్టేటు గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది, పైగా గుండె, కండలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. చీలికల సంగతి థియోడోర్ హఫ్ 1902లోనే ఊహించాడు. మంచి విషయమేమంటే, ఒకసారి ఇలా దెబ్బతిని మానిన కండ రెండోసారి అదే దిగుడులో అంతగా దెబ్బతినదు, ఆ రక్షణ వారాల పాటు ఉంటుంది. అందువల్ల మూడు వారాల ముందు ఈ దారిలోనే పరిగెత్తాలి, చదునైన దారి వెతుక్కోకూడదు.

మూడు వారాలే ఎందుకంటే ఆ చీలికలు మానాలి, కొత్త పొయ్యిలు కట్టుకోవాలి, డబ్బాలు నిండాలి. 2007లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ ప్రకారం, చివరి రెండు వారాల్లో వేగం తగ్గించకుండా దూరాన్ని 41 నుంచి 60 శాతం దాకా తగ్గించినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. ఈ రోజుల్లోనే కాళ్లు దురద పెడతాయి. భయంతో ఇంకొక్క లాంగ్ రన్ చేద్దామనిపిస్తుంది. ఆ ఒక్కటి మానుకోవడమే చాలామందికి 32 కిలోమీటర్ల కంటే కష్టం.

ముప్పయ్యో కిలోమీటరు దాటాక మిగిలింది ఒక ఎక్కుడు. సూర్యుడు వీపు మీద పడ్డాడు. నా మోకాళ్లు బరువెక్కాయి, అక్క ఊపిరి వినపడుతోంది. తమ్ముడి అడుగు మాత్రం మళ్లీ తాళంలో పడింది. సీసా, ఖర్జూరం పని చేశాయో, మేం మెల్లగా పోవడం పని చేసిందో, మూడూనో విడదీసి చెప్పలేను.

ఎనిమిదింటికి గచ్చిబౌలి స్టేడియం దగ్గర ఆగాం. వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడిచి, ఎదురుగా టిఫిన్ బండి దగ్గరికి వెళ్లాం. ఖాళీ అయిన కండ మొదటి గంటల్లోనే అన్నిటికంటే వేగంగా నింపుకుంటుంది, గ్లూకోజును లోపలికి తీసుకునే తలుపులు అప్పుడు బార్లా తెరిచి ఉంటాయి. వేడి ఇడ్లీలు, పల్లీ చట్నీ. మొదటి ప్లేటు ఎవరమూ మాట్లాడకుండా తిన్నాం.

రెండో ప్లేటు సగంలో ఉండగా తమ్ముడు తలెత్తాడు.

"అన్నా, నిజం చెప్పు. కిటికీలకి టేకా, వేపా?"

"వేపనే పెట్టు తమ్మీ," అన్నాడు పెద్దన్న, ఇంకో రెండు ఇడ్లీలు తమ్ముడి ప్లేటులోకి జరుపుతూ. "చెద పట్టది."